హనీమూన్‌కి అండమాన్: ఏడు రాత్రుల్లో బీచ్‌లకెంత, చూడాల్సిన వాటికెంత?

అమలాపురం_మాఘం

అందరికీ నమస్కారమండి. మాఘ శుద్ధ దశమికి పెళ్లి. పదహారు రోజుల పండగ అయ్యాక బహుళ ఏకాదశి నాడు బయల్దేరి ఏడు రాత్రుల్లో తిరిగి రావాలి. అండమాన్ అనుకుంటున్నాం. ఒకరికి సముద్రం ఒడ్డున తీరిగ్గా కూర్చోవాలని, ఇంకొకరికి సెల్యులార్ జైలు, గుహలు, మ్యూజియంలు అన్నీ చూడాలని. ఇద్దరికీ ఈత రాదు. బడ్జెట్ ఇద్దరికీ కలిపి లక్షా పాతిక వేలు.

ఒక ఏజెంటు ఇచ్చిన ప్లానులో పోర్ట్ బ్లెయిర్ మూడు రాత్రులు, హేవ్‌లాక్ దీవిలో ఒకటి, నీల్ దీవిలో ఒకటి, డిగ్లీపూర్ ఒకటి ఉన్నాయి. మధ్యలో బారాటంగ్, రాస్, నార్త్ బే, జాలీ బాయ్ అన్నీ పెట్టేశాడు. ఇది కుదిరే పనేనా? వరస ఎలా పెట్టుకుంటే మంచిది?

గౌతమి_గట్టు

ముందుగా ఇద్దరికీ శుభాకాంక్షలండి. ఆ ప్లాను కాగితం మీద కుదురుతుంది గానీ మనుషులకి కుదరదు. డిగ్లీపూర్ ఒక్కటీ పోర్ట్ బ్లెయిర్ నుంచి రోడ్డున 300 కి.మీ. పైనే. వెళ్లడానికో రోజు, రావడానికో రోజు కారులోనే గడిచిపోతుంది. ముందు అది కొట్టేయండి.

అండమాన్‌లో కాలమంతా తినేసేది దూరం కాదు, దీవి మారడం. ఫెర్రీ గంటన్నరే అయినా గది ఖాళీ చేసి, గంట ముందు జెట్టీకి చేరి, సామాను ఎక్కించి, దిగి, కొత్త గది తాళం చేతికొచ్చేసరికి పూట పోతుంది. అందుకని రాత్రులు ఇలా పంచుకోండి.

ఏకాదశి రాత్రి చెన్నై. ద్వాదశి పొద్దున విమానం దిగాక పోర్ట్ బ్లెయిర్ ఒక రాత్రి. తర్వాత హేవ్‌లాక్ వరసగా మూడు రాత్రులు. అక్కణ్ణుంచి నేరుగా నీల్ ఒక రాత్రి. చివర మళ్లీ పోర్ట్ బ్లెయిర్ ఒక రాత్రి, మర్నాడు ఇంటికి. మొత్తం ఏడు. చూడాల్సినవన్నీ రెండు చివర్లా పోర్ట్ బ్లెయిర్‌లో పడతాయి, నడుమ నాలుగు రాత్రులూ సముద్రానివి. కదలకుండా కూర్చోవాలనుకునే వారికి హేవ్‌లాక్‌లో రెండు పూర్తి రోజులు దొరుకుతాయి. రెండో వారి జైలు, మ్యూజియంలకు కోత పడదు.

చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండటం తప్పనిసరండి. పొద్దున ఫెర్రీ దిగి ఆ రోజే విమానం ఎక్కుదామని పెట్టుకోవద్దు. గాలి పెరిగితే ఫెర్రీ ఆపేస్తారు, విమానం మాత్రం మీ కోసం ఆగదు.

తణుకు_టికెట్

పైన చెప్పిన వరస సరైనది. టికెట్ల సంగతి నేను చెబుతాను.

కోనసీమలో రైలు లేదు కాబట్టి మీకు రాజమండ్రి మధురపూడి విమానాశ్రయమే దగ్గర. అక్కణ్ణుంచి చెన్నైకీ హైదరాబాద్‌కీ విమానాలున్నాయి, ఆ రెండు ఊళ్ల నుంచీ పోర్ట్ బ్లెయిర్‌కి నేరుగా ఉన్నాయి. చెన్నై నుంచి రెండుంపావు గంటల ప్రయాణం. రాజమండ్రి నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా ఒకే పీఎన్ఆర్ మీద టికెట్ దొరికితే అదే తీసుకోండి. విడివిడిగా కొంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది పోయినా ఎవరూ పూచీ పడరు. మాఘమాసం పొగమంచు ఎలా ఉంటుందో మన గోదావరి గట్టు వాళ్లకి చెప్పక్కర్లేదు. చెన్నైలో రాత్రి ఉంటున్నారు కాబట్టి మీకు ఆ భయం లేదు.

డబ్బు తగ్గించాలంటే సర్కార్ ఎక్స్‌ప్రెస్ రైల్లో వెళ్లి చెన్నై ఎగ్మూరులో దిగండి. అక్కణ్ణుంచి తాంబరం వైపు లోకల్ ఎక్కితే తిరుసూలం స్టేషన్, ఎదురుగా ఎయిర్‌పోర్టే. అయితే ఆ రైలు దిగిన పొద్దునే విమానం పెట్టుకోవద్దు.

విశాఖ నుంచి ఓడ ఉంది కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఉంది. దాదాపు 56 గంటల ప్రయాణం, ఇంచుమించు నెలకొకసారి, తేదీలు ముందుగా ఖాయంగా తెలియవు. ఏడు రాత్రుల వాళ్లకి పనికిరాదు.

ఇక పేర్లు. మన వాళ్లలో ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగానూ, పాన్‌లో పూర్తిగానూ ఉండటం మామూలు. ఎయిర్‌పోర్టులో ఏ కార్డు చూపిస్తారో దాని మీద ఎలా ఉంటే టికెట్ మీద అలాగే వేయించండి. అమ్మాయి పుట్టింటి ఇంటిపేరుతోనే బుక్ చేయండి. పెళ్లయిందని అత్తింటి పేరు వేసి, కార్డు పాతదైతే గేటు దగ్గర ఆపుతారు.

బోర్డుల మీదా టికెట్ల మీదా కొత్త పేర్లుంటాయి, కంగారు పడొద్దు. పోర్ట్ బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం. 2018లో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. ఈ చోట్లకి భారతీయులకు పర్మిట్ అక్కర్లేదు.

పోటుపాటు_ఓడలరేవు

అందరూ టికెట్లూ గదులూ చెబుతున్నారు గానీ అండమాన్ బీచ్‌కి అసలు యజమాని పోటూ (సముద్రం ఎక్కడం) పాటూనండి (దిగడం). అది చూసుకోకుండా గది బుక్ చేస్తే నీళ్లలో కాలు పెట్టడానికి ఉండదు.

హేవ్‌లాక్‌లో తూర్పు వైపు గోవింద్ నగర్, విజయ్ నగర్ బీచ్‌లు (మూడో నంబరు, అయిదో నంబరు అంటారు). రిసార్టులెక్కువ అక్కడే. పోటు మీద ఉన్నప్పుడు గది ముందు దాకా నీలంగా నీళ్లుంటాయి. పాటు తీసిందంటే నీరు చాలా దూరం వెనక్కిపోయి, చచ్చిన పగడపు రాయి పదునుగా పైకి తేలుతుంది. దాని మీద ఉత్తి కాళ్లతో నడిస్తే అరికాలు కోసుకుపోతుంది. స్నానం సంగతి సరేసరి. పడమటి వైపు రాధానగర్ (ఏడో నంబరు) అలా కాదు. అక్కడ ఇసుక నేల కిందికి మెల్లగా జారుతుంది, పాటులో కూడా దిగొచ్చు.

మీ ముహూర్తం పంచాంగం చూసే పెట్టారు కదా, ఆ పంచాంగమే ఇక్కడా పనికొస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ చంద్రుడూ సూర్యుడూ ఒకే వరసలో ఉండి లాగుతారు, అందుకని పోటు ఎక్కువ ఎక్కుతుంది, పాటు ఎక్కువ దిగుతుంది. అష్టమి రోజుల్లో తేడా తక్కువ. అసలు పెద్ద పోటుపాట్లు అమావాస్య నాడు కాదు, ఒకటి రెండు రోజులు వెనకగా వస్తాయి. అంటే పాడ్యమి, విదియ.

మీ తేదీలు వేసి చూడండి. బహుళ ద్వాదశి పోర్ట్ బ్లెయిర్, త్రయోదశి హేవ్‌లాక్ చేరిక, చతుర్దశి మహాశివరాత్రి, అమావాస్య కూడా హేవ్‌లాక్‌లోనే, పాడ్యమికి నీల్. నీల్‌లో లక్ష్మణపూర్ రెండో బీచ్ దగ్గర సముద్రం తొలిచిన రాతి వంతెన ఉంది. పోటులో దాని దాకా వెళ్లనే లేరు. బాగా పాటు తీసినప్పుడు కిందుగా నడిచి వెళ్లొచ్చు, రాళ్ల మధ్య నిలిచిపోయిన గుంటల్లో చేపలూ, సముద్రపు దోసకాయలూ, పీతలూ కంటి ముందు కనిపిస్తాయి. పాడ్యమి పాటు దానికి అచ్చంగా సరిపోతుంది. ఇంతకన్నా మంచి తేదీ కావాలని వెతికినా దొరకదు.

గంటల లెక్క: పోటు నుంచి పాటుకి ఆరుంపావు గంటలు. రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. పోర్ట్ బ్లెయిర్ టైడ్ టేబుల్ నెట్‌లో దొరుకుతుంది, మీ తేదీలవి రాసుకోండి. పాటు పూర్తిగా తీసే టైముకి గంట ముందు రాతి వంతెన దగ్గరుండి, పోటు మొదలైన అరగంటలో వెనక్కి వచ్చేయాలి. అక్కడ రాళ్లకి నాచు పడుతుంది, వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు వేసుకోండి. హవాయి చెప్పులు జారిపోతాయి.

లంక_లక్ష్మి

అమావాస్య రోజు ప్రయాణమంటే పెద్దవాళ్లు ఒప్పుకోరేమోనండి?

పోటుపాటు_ఓడలరేవు

అమావాస్య రోజు దీవి మారడం లేదండి. త్రయోదశికి హేవ్‌లాక్ చేరితే మళ్లీ పాడ్యమి దాకా కదలరు. పైగా అమావాస్య రాత్రి హేవ్‌లాక్‌లో ఉండటం అదృష్టం. అక్కడ చీకటి రాత్రుల్లో కయాక్ అనే చిన్న తెడ్డు పడవ మీద తీసుకెళ్తారు. నీళ్లలో సూక్ష్మజీవులు కదలికకి నీలంగా వెలుగుతాయి, తెడ్డు వేసిన చోటల్లా మెరుపు గీత పడుతుంది. వెన్నెల ఉంటే అది కనపడదు. ఈత రాని వాళ్లకి లైఫ్ జాకెట్ వేసి, మనిషిని తోడిస్తారు. జాకెట్ బకిల్ మూడూ మీరే ఒకసారి లాగి చూసుకోండి.

మడ_అడవి_తాళ్లరేవు

ఈ వరసలో పొద్దు సంగతి కూడా కలపాలి. మన గడియారం నడిచే 82½ డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర్లోంచే పోతుంది. పోర్ట్ బ్లెయిర్ 92¾ దగ్గరుంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడ పొద్దు 41 నిమిషాలు ముందు. గడియారం మాత్రం ఒకటే. ఫిబ్రవరిలో సాయంత్రం అయిదున్నరకే పొద్దుగూకుతుంది, ఆరుకి చీకటి. మనలా నాలుగింటికి టీ తాగి తీరిగ్గా బీచ్‌కి బయల్దేరితే వెలుగుండదు. రాధానగర్‌కి మూడున్నరకల్లా చేరాలి. జెట్టీ నుంచి అది 12 కి.మీ.

ఇక బారాటంగ్. నా మాట వింటే అది తీసేయండి. సున్నపురాతి గుహలు, బురద ఉబికే గుంట, మడ అడవిలో పడవ... చెప్పడానికి బాగుంటుంది. కానీ జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వాహనాలన్నిటినీ వరసగా కట్టి వదులుతారు. మొదటి వరసలో ఉండాలంటే పోర్ట్ బ్లెయిర్‌లో తెల్లవారుజామున మూడున్నరకి లేవాలి. పోనూ రానూ 200 కి.మీ. అంత చేసి చూసే మడ అడవి మన ఇంటి పక్కన కోరింగలో ఉంది, కాకినాడ నుంచి అరగంట. అదీ 235 చదరపు కి.మీ. అభయారణ్యం, చెక్కల వంతెన మీద నడుస్తూ తెల్ల మడ, నల్ల మడ, తిల్ల చెట్లని చేతికందేంత దగ్గర్లో చూడొచ్చు.

ఇంకో కారణం కూడా ఉంది. ఆ రోడ్డు జరావా తెగ వాళ్ల అడవి మధ్యనుంచి పోతుంది. ఆ రోడ్డు మీద రాకపోకలు ఆపమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. ఆ మనుషుల్ని చూడ్డానికే కొందరు ఆ దారి పడతారు. ఫొటో తీయడం, ఆపి పలకరించడం, తినడానికి ఇవ్వడం నేరం. కొత్త జంట మొదటి ప్రయాణం ఆ దారిన వద్దని నా అభిప్రాయం.

ద్రాక్షారం_దారి

బారాటంగ్ విషయంలో పూర్తిగా ఒప్పుకోలేనండి. గుహలు కోరింగలో లేవు కదా. మడ చెట్ల కొమ్మలు రెండు వైపులా కలుసుకున్న సన్నటి కాలవలో పడవ వెళ్లడం వేరే అనుభవం. చూడాలనే కోరిక బలంగా ఉన్నవారు రోడ్డు మీద ఎక్కడా ఆగకుండా, కెమెరా సంచిలో పెట్టుకుని వెళ్లి రావచ్చు. అయితే దానికి పోర్ట్ బ్లెయిర్‌లో అదనంగా ఒక పూర్తి రోజు కావాలి. మీ ఏడు రాత్రుల్లో ఆ రోజు హేవ్‌లాక్ నుంచి కోయాల్సి వస్తుంది. అక్కడ కోత పెట్టడం మాత్రం నాకూ ఇష్టం లేదు.

గౌతమి_గట్టు

ఆ ఆఖరి వాక్యమే అసలు సంగతి. గుహల కోరిక పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నవాటితో తీర్చుకోండి, అవి తక్కువేం కాదు.

మొదటి రోజు మధ్యాహ్నం సెల్యులార్ జైలుకి మూడు గంటలు ఇవ్వండి. 1896లో కట్టడం మొదలుపెట్టి 1906కి పూర్తి చేశారు. నడిమి బురుజు నుంచి సైకిల్ చక్రం ఆకుల్లా ఏడు బారులు, ఇప్పుడు మిగిలినవి మూడే. ఒక బారు గదుల తలుపులు పక్క బారు వీపు వైపు చూసేలా కట్టారు, ఒక ఖైదీ ముఖం ఇంకో ఖైదీకి కనపడకూడదని. గొళ్లెం గది బయట గోడలో లోపలికంటా తీసుకెళ్లి బిగించారు, చువ్వల్లోంచి చెయ్యి ఎంత చాచినా అందదు. ఏదో ఒక గదిలోకి వెళ్లి తలుపు వైపు నిలబడి చూడండి, తెలుస్తుంది. మన రంప తిరుగుబాటులో పట్టుబడిన వారిలో కొందరినీ అండమాన్‌కి పంపారు. మన ఏజెన్సీ కొండల వాళ్లని ఇంత దూరం తెచ్చారన్నది మనసులో పెట్టుకుని చూడాల్సిన చోటు. సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో టికెట్ పగలే తీసుకోండి, హిందీ షో, ఇంగ్లీషు షో వేళలు వేరు.

ఆఖరి రోజు నీల్ నుంచి పొద్దున ఫెర్రీలో వచ్చేస్తే, ఓపిక ఉంటే అబర్డీన్ జెట్టీ నుంచి పడవలో రాస్. బ్రిటిష్ వాళ్ల పాత రాజధాని, మర్రి వేళ్లు గోడల్ని పట్టుకుని నిలబెట్టిన చర్చి, తిరుగాడే జింకలు. లేదంటే నేవీ వాళ్ల సముద్రిక మ్యూజియం, ఆంత్రపాలజికల్ మ్యూజియం. ఆ మ్యూజియంలకు సోమవారం సెలవు, మీ వారం చూసుకోండి. నార్త్ బే, జాలీ బాయ్ రెండూ వదిలేయండి. అక్కడ చూపించే పగడాలు హేవ్‌లాక్ ఎలిఫెంట్ బీచ్‌లోనూ, నీల్ భరత్‌పూర్ బీచ్‌లోనూ చూసేస్తారు.

నీటి_అడుగున

ఈత రాదన్నారు కదా. స్కూబాకి (గాలి ట్యాంకు కట్టుకుని నీటి అడుగున తిరగడం) ఈత రానక్కర్లేదండి, మొదటిసారి వాళ్లకి చేయించేదాన్ని ట్రై డైవ్ అంటారు. శిక్షకుడు వెనక నుంచి మీ ట్యాంకు పట్టుకునే ఉంటాడు. లోతు 12 మీటర్లు మించకూడదు, మామూలుగా అంతకన్నా తక్కువ లోతులోనే తిప్పుతారు.

చెడేది దాదాపు ఎప్పుడూ చెవి దగ్గరే. నీళ్లలో దిగేకొద్దీ ఒత్తిడి పెరిగి కర్ణభేరి లోపలికి నొక్కుకుంటుంది. ముక్కు మూసి, నోరు మూసి, మెల్లగా గాలి ఊదితే చెవులు తెరుచుకుంటాయి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, ప్రతి మీటరుకీ చేయాలి. ఒక చెవి తెరుచుకోకపోతే కిందికి వెళ్లొద్దు, మీటరు పైకి లేచి మళ్లీ ప్రయత్నించాలి. బలంగా ఊదితే కర్ణభేరి దెబ్బతింటుంది. జలుబు, సైనస్ ఉంటే ఆ రోజు మానేయడమే. పెళ్లిలో నిద్ర లేకుండా, మంచులో ఊరేగింపు చేసి జలుబుతో వచ్చే జంటలు చాలా ఎక్కువ. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ ఉంటే ముందే డాక్టరు కాగితం కావాలి. ఫారంలో దాచిపెట్టి సంతకం చేయొద్దు.

రెండో తప్పు ఊపిరి బిగపట్టడం. నీళ్లలో ఉన్నంతసేపూ నోటితో మెల్లగా పీలుస్తూ వదులుతూనే ఉండాలి. బిగపట్టి పైకి లేస్తే ఊపిరితిత్తుల్లో గాలి వ్యాకోచించి ప్రమాదం.

డైవ్ తర్వాత విమానానికి కనీసం 18 గంటలు, 24 అయితే నిశ్చింత. ఒంట్లో కరిగిన నత్రజని పూర్తిగా బయటికి పోవాలి. అందుకే హేవ్‌లాక్ ముందు, నీల్ తర్వాత అన్న వరస మంచిది. మీ డైవ్ చతుర్దశి పొద్దున పెట్టుకుంటే విమానానికి మూడు రోజుల పైనే ఉంటుంది.

ఎలిఫెంట్ బీచ్ అమావాస్య పొద్దున. జెట్టీ నుంచి పడవలో ఇరవై నిమిషాలు. స్నార్కెల్ (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి పైనుంచే చూడటం) మాస్కు ముఖానికి ఆనించి, తాళ్లు తగిలించకుండా ముక్కుతో గాలి లోపలికి లాగండి. చెయ్యి వదిలినా మాస్కు పడిపోకపోతే సరైన సైజు. మీసం దట్టంగా ఉంటే నీళ్లు దూరతాయి, పై పెదవి మీద వాజిలైన్ పూస్తే ఆగుతుంది. పగడం మీద నిలబడొద్దు, అది ప్రాణమున్నది.

మడ_అడవి_తాళ్లరేవు

ఆ నీళ్లు ఎందుకంత తేటగా ఉంటాయో ఒక మాట. అంతర్వేది దగ్గరైనా ఉప్పాడ దగ్గరైనా మన సముద్రం మట్టిరంగు, ఎందుకంటే గోదావరి మోసుకొచ్చే ఒండ్రంతా అక్కడే కలుస్తుంది. ఆ ఒండ్రు వల్లే కోనసీమ పుట్టింది, అందువల్లే ఇక్కడ పగడం పుట్టదు. పగడానికి వెలుతురు కావాలి. అండమాన్‌లో పెద్ద నదులు లేవు, నీళ్లలోకి ఎండ లోతుగా దిగుతుంది. తెల్ల ఇసుకలో చాలా భాగం పగడం, గవ్వలు అరిగి అయిందే.

దానికి తోడు ఒక జాగ్రత్త. అక్కడి కయ్యల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. హెచ్చరిక బోర్డు ఉన్నచోటా, రాధానగర్‌లో చివర నీల్స్ కోవ్ వైపూ నీళ్లలోకి దిగొద్దు. లైఫ్ గార్డులు జెండాలు పాతిన మేరలోనే ఉండండి.

రాజోలు_మందులషాపు

ఫెర్రీలో కడుపులో తిప్పడానికి: ప్రైవేటు ఫెర్రీలు వేగంగా పోతాయి, ఏసీ కోసం అన్నివైపులా మూసేసి ఉంటాయి, బయటి గాలి తగలదు. ముందు వరసల్లో కుదుపు ఎక్కువ. కింది అంతస్తులో, మధ్యకీ వెనక్కీ నడుమ సీటు అడగండి. మెక్లిజిన్ మాత్ర బయల్దేరడానికి గంట ముందు వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేస్తే నిలవదు. అవోమిన్ కూడా పనిచేస్తుంది గానీ నిద్ర ముంచుకొస్తుంది. డైవ్ చేసే రోజు ఇవేవీ వద్దు. వేరే మందులు వాడుతున్నవారు డాక్టరుని అడిగే వేసుకోవాలి. పొద్దున రెండు ఇడ్లీ చాలు, ఉత్తి కడుపుతోనూ వద్దు, నూనె పూరీలతోనూ వద్దు.

ఇసుక దోమలని ఉంటాయి, కంటికి ఆనవు. తెల్లవారీ సాయంత్రం తడి ఇసుక మీద కుడతాయి, దద్దుర్లు వారం ఉంటాయి. మోకాళ్ల కింద దాకా కొబ్బరినూనె దట్టంగా పూస్తే చాలావరకు దూరంగా ఉంటాయి. కోనసీమ వాళ్లకి నూనె నేను చెప్పక్కర్లేదు. ఇసుక మీద నేరుగా కాకుండా దుప్పటి వేసుకుని కూర్చోండి. గోకితే పుండు పడుతుంది, కాలమైన్ రాయండి.

లంక_లక్ష్మి

అమ్మాయి వైపు నుంచి కొన్ని చెప్పాలి.

నీళ్లలో వేళ్లు చల్లబడి సన్నబడతాయి, ఉంగరాలు జారిపోయేది అప్పుడే. మెట్టెలకు కూడా అదే ప్రమాదం, తెరిచి ఉండే చుట్టు మెట్టెలైతే ఇసుకలో ఊడిపోయినా తెలియదు. సముద్రంలో దిగే పూటకి బంగారం గది లాకర్‌లో పెట్టాలి. తీయకూడదనుకునే సూత్రాలకి పాత పసుపుతాడు నమ్మొద్దు. పెళ్లినాటి తాడు పదహారు రోజులకి నలిగి ఉంటుంది, ఉప్పునీళ్లకి నాని తెగుతుంది. పదహారు రోజుల పండగలో ఎలాగూ మార్చుతారు కదా, అప్పుడే గట్టి తాడుకో గొలుసుకో మార్పించుకోండి. స్కూబా సూటు కింద పొడుగు నల్లపూసలు జిప్పులో చిక్కుకుంటాయి, పొట్టివి వేసుకోండి.

నగలు చెకిన్ సూట్‌కేసులో వేయొద్దు, చేతిసంచిలోనే. చెకిన్ బరువు మామూలుగా మనిషికి 15 కిలోలే. పట్టుచీరలు వద్దు. నీళ్లలోకి నైలాన్ లెగ్గింగు, పొడుగు చేతుల చొక్కా ఎండకీ మంచిది. తడిసిన నూలు బట్ట బరువెక్కి కిందికి లాగుతుంది.

ఆవకాయ తీసుకెళ్తే చెకిన్‌లో వేయాలి, సీసా వద్దు. మూత గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పైన ఒక వేలెడు ఖాళీ వదిలి, రెండు కవర్లలో చుట్టండి. నిండుగా పోస్తే విమానంలో ఒత్తిడి తేడాకి నూనె బయటికి తంతుంది. మాటకి భయం లేదు, 2011 జనాభా లెక్కల్లో అక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగు. పోర్ట్ బ్లెయిర్‌లో ఆటోవాళ్లతో తెలుగులోనే బేరమాడొచ్చు.

అమలాపురం_మాఘం

అందరికీ చాలా ధన్యవాదాలండి. పంచాంగం సంగతి ఇంట్లో పెద్దవాళ్లకి కూడా నచ్చింది. లెక్క కొంచెం వేసి చెబుతారా? ఇంకా మా మిత్రుడొకడు మాల్దీవులు ఎందుకు కాకూడదంటున్నాడు.

తణుకు_టికెట్

మాల్దీవులకి భారతీయులకు దిగాక వీసా ఉచితం, నీళ్లూ బాగుంటాయి. కానీ రిసార్టు దీవిలో దిగాక చూడ్డానికి వేరే ఏమీ ఉండదు, మ్యూజియం కోరిక ఉన్నవారికి మూడో రోజుకి తోచదు. బీచ్‌తో పాటు కట్టడాలు కావాలంటే అండమాన్ తర్వాత శ్రీలంక చెప్పాలి, సిగిరియా, కాండీ, గాలె ఉన్నాయి. దానికి పాస్‌పోర్టు, ఈటీఏ (ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి), కనీసం ఎనిమిది రాత్రులు కావాలి.

ఇద్దరికీ లెక్క, సుమారుగా:
రాజమండ్రి – చెన్నై – పోర్ట్ బ్లెయిర్ రానూపోనూ 42,000
చెన్నై గది 3,000
అండమాన్ ఆరు రాత్రులు, సగటున 4,500 చొప్పున 27,000
ఫెర్రీ మూడు దఫాలు, మనిషికి 1,800 చొప్పున 10,800
కార్లు, స్కూటర్ 10,000
ట్రై డైవ్ ఇద్దరికీ 8,000
ఎలిఫెంట్ బీచ్, కయాక్, టికెట్లు 3,000
తిండి 12,000
మొత్తం 1,15,800. మిగిలిన 9,200 ముట్టుకోకుండా ఉంచండి.

ఇందులో ఎక్కువ ఊగేది విమానం ధర. విమానం టికెట్ ముందు, ఫెర్రీ తర్వాత, గది ఆ తర్వాత. చాలామంది గదితో మొదలుపెడతారు, ఆ తేదీకి పొద్దున ఫెర్రీ దొరక్క మధ్యాహ్నం చేరి ఒక పూట పోగొట్టుకుంటారు. శివరాత్రి సెలవు కలిసింది, ఫెర్రీ సీట్లు తొందరగా అయిపోతాయి.

ఏజెంటు ద్వారానే వెళ్తే నాలుగు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: ఫెర్రీ పేరూ క్లాసూ బయల్దేరే టైమూ, హోటల్ పేరూ గది రకమూ, కారు మీకొక్కరికేనా నలుగురితోనా, ఎలిఫెంట్ బీచ్ పడవ కలిసుందా లేదా. 'బీచ్ వ్యూ' అంటే కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని, 'బీచ్ ఫ్రంట్' అంటే ఇసుక మీదికే దిగొచ్చని. పూల పాన్పు, కొవ్వొత్తుల భోజనం అని కలిపి చెప్పేవాటికి విడిగా ధర అడగండి.

నీల్‌లో ఏటీఎంల మీద ఆధారపడొద్దు, హేవ్‌లాక్‌లో ఉన్నా ఒక్కోసారి డబ్బుండదు. యూపీఐ సిగ్నల్ ఉన్నంతసేపే. పోర్ట్ బ్లెయిర్‌లోనే పదిహేను వేలు, అందులో కొంత వంద నోట్లుగా తీసి పెట్టుకోండి.

మడ_అడవి_తాళ్లరేవు

ఒడ్డున దొరికిన గవ్వ, పగడం ముక్క ఏదీ సంచిలో వేసుకోవద్దు. పగడాలు 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి, ఎయిర్‌పోర్టు స్కానర్‌లో పట్టుకుంటారు. ఇంటికి ఏమైనా తేవాలంటే పోర్ట్ బ్లెయిర్‌లో ప్రభుత్వ సాగరిక ఎంపోరియంలో కొని, బిల్లు సామానుతో పాటు ఉంచండి.

అమలాపురం_మాఘం

ఆఖరి ప్రశ్నండి. ఫెర్రీ రద్దయితే డబ్బు వెనక్కి వస్తుందా? నీల్ నుంచి ఏ ఫెర్రీ తీసుకోమంటారు?

తణుకు_టికెట్

వాతావరణం బాగాలేక వాళ్లే రద్దు చేస్తే డబ్బు ఇస్తారు, లేదా తర్వాతి సీటిస్తారు. మీరు ఆలస్యమైతే ఇవ్వరు. ఫిబ్రవరిలో సముద్రం మామూలుగా నిమ్మళంగానే ఉంటుంది.

నీల్ నుంచి పొద్దుటి ప్రైవేటు ఫెర్రీ తీసుకోండి. అది ఆగితే ఆ రోజు ఇంకో పూట చేతిలో ఉంటుంది, వెంటనే జెట్టీ కౌంటర్‌లో సర్కారు పడవ అడగాలి. దాని టికెట్ చవక, రెండు గంటలు పైన పడుతుంది, డెక్కు మీద గాలికి నిలబడొచ్చు. కౌంటర్‌లో ఇద్దరి గుర్తింపు కార్డులూ అడుగుతారు. జిరాక్సులు రెండేసి చేతిసంచి పై అరలో పెట్టుకోండి, సూట్‌కేసు అడుగున వద్దు.

పోటుపాటు_ఓడలరేవు

ఆ పొద్దున ఫెర్రీకి ముందే సీతాపూర్ బీచ్‌లో సూర్యోదయం చూసేయొచ్చండి. నీల్ చిన్న దీవి, స్కూటర్ మీద జెట్టీకి పావుగంట కూడా పట్టదు. ఫిబ్రవరి చివర్లో పొద్దు పొడిచేది అయిదూ ముప్పావుకి, అయిదుంపావుకి గదిలోంచి బయటపడండి. స్కూటర్ ముందు రోజు సాయంత్రమే తీసి, పెట్రోలు చూసుకుని ఉంచుకోవాలి. తెల్లారకముందు అక్కడ ఏ కొట్టూ తెరవరు.